పాత కార్లు... పసందైన పోటీలు!

విలన్ లేని సినిమాకి టిక్కెట్టు కొంటారా ఎవరైనా? కొనరు. హీరో ఎంత అందగాడైనా కానీయండి, ఎన్ని డ్యూయెట్లు పాడినా పాడనీయండి... ఎదురుగా నిలబడి తొడగొట్టేవాడొకడు లేకపోతే వాడి హీరోయిజం తేలేదెలా? గెలుపు రుచి తెలియాలంటే ఎదుటివాడు కావాలి.

ఈ కిటుకు మన పాలమూరు సంస్థానాలకి ఏనాడో తెలుసు. గద్వాలకి 'విద్వద్గద్వాల' అని పేరు ఊరికే రాలేదు. ఏటా కవులూ పండితులూ అక్కడికి కట్టగట్టుకుని వచ్చేవారు. అటు వనపర్తి, ఇటు ఆత్మకూరు కూడా తక్కువ తినలేదు. తిరుపతి వెంకట కవులు ఈ సంస్థానాలన్నీ తిరిగి అవధానాలతో, ఆశువులతో సన్మానాలందుకున్నవాళ్ళే. ఆ జంట కవులకీ, కొప్పరపు సోదర కవులకీ మధ్య నడిచిన పోటీ గురించి తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు. ఊరూరా రెండు పార్టీలు! 'మావాడు గొప్ప' అంటే 'మావాడు గొప్ప' అని. ఆ పంతాలే లేకపోతే అవధానమనేది అంత మంది నోళ్ళలో నానేదా?

సరిగ్గా ఇలాంటి పోటీయే ఇంకో లోకంలో నడుస్తోంది. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల సొంతదార్ల లోకం. 'గద్వాల కోటెక్కడ, ఇంగ్లండు కారెక్కడ? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నావేమిటయ్యా' అంటారేమో! కాస్త ఓపిక పట్టండి. ఆ ముడి మీ ఊరి బస్టాండు దాకా ఉంది. ముందు సినిమా చూద్దాం రండి.

వంద పౌన్ల పందెం!

1953లో లండన్‌లో 'జెనెవీవ్' అనే రంగుల చిత్రం విడుదలైంది. దర్శకుడు హెన్రీ కార్నీలియస్. రచన విలియం రోజ్. జెనెవీవ్ అంటే హీరోయిన్ పేరనుకునేరు... కాదు, కారు పేరు! 1904 నాటి డరాక్ కారు.

కథ చిన్నది. అలన్ అని ఒక కుర్ర లాయరు. అతని భార్య వెండీ. అతని దోస్తు ఆంబ్రోస్. దోస్తుకీ ఒక ముసలి కారుంది, పేరు స్పైకర్. ఏటా లండన్ నుంచి బ్రైటన్‌కి జరిగే పాత కార్ల యాత్రకి ఇద్దరూ బయల్దేరతారు. ఆంబ్రోస్ పక్కన ఓ ఫ్యాషన్ మోడల్, ఆమె వెంట ఇంత లావు కుక్క. దారిపొడుగునా ఎత్తిపొడుపులే. దానికి తోడు పెళ్ళికి ముందు వెండీకీ ఆంబ్రోస్‌కీ ఉన్న పరిచయం అలన్ గుండెలో చిన్న ముల్లు. మాటా మాటా పెరిగి, తిరుగు ప్రయాణంలో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ వంతెన ముందుగా ఎవరు చేరితే వాళ్ళకి వంద పౌన్లని పందెం!

ఆ తరవాత చూడాలి తమాషా! ఎదుటివాణ్ణి ఆపడానికి ఇద్దరూ పడని పాట్లు లేవు. పెళ్ళాం అలుగుతుంది, పోలీసులు ఆపుతారు, కార్లు మొరాయిస్తాయి. చివరికి వంతెన కొద్ది గజాల దూరంలో ఉందనగా జెనెవీవ్ ఆగిపోతుంది. వెనకనించి స్పైకర్ దూసుకొస్తోంది. ఇక పందెం పోయినట్టే... అనుకుంటుండగా స్పైకర్ చక్రాలు ట్రాము పట్టాల్లో ఇరుక్కుని కారు ఇంకో దారి పట్టిపోతుంది! ఇటు జెనెవీవ్ బ్రేకులు పట్టు వదిలి, దానంతటదే మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళి వంతెన ఎక్కుతుంది. గెలిచింది హీరో కాదు... కారు!

ఇందులో ఓ చిన్న సీనుంది. పందెం హోరాహోరీగా ఉన్న సమయంలో ఒక ముసలాయన ఎదురై, తన వయసులో ఇలాంటి డరాక్ కారులోనే ప్రేమించిన అమ్మాయిని తిప్పానని మురిసిపోతూ కబుర్లు మొదలెడతాడు. అలన్‌కి ప్రతి క్షణం విలువైనదే. అయినా ఆయన మాట తుంచెయ్యడు. పోయినా పందెమే కదా పోయేది అన్నట్టు నిలబడి వింటాడు. ఆ ఒక్క సీనుతో ఈ పిచ్చోళ్ళంతా ఎందుకు పిచ్చోళ్ళయ్యారో అర్థమైపోతుంది.

తెర వెనక తమాషాలు

మన పాత సినిమాల్లో కారు సీనంటే తెలుసుగా! స్టూడియోలో సగం కారు పెట్టి, సెట్‌బాయిలు దాన్ని కుదుపుతుంటే, వెనక తెరమీద రోడ్డు పరుగెత్తేది. హీరో స్టీరింగుని అటూ ఇటూ ఊపుతూ పాట పాడేవాడు. కార్నీలియస్ మాత్రం తన కార్లని ఎక్కువగా నిజం రోడ్లమీదే పరుగెత్తించాడు. 1952 చలికాలపు ఎముకలు కొరికే చలిలో, పైకప్పు లేని కార్లలో నటీనటులు గజగజ వణికిపోయారు.

అసలు తమాషా ఏమిటంటే, హీరో వేషం వేసిన జాన్ గ్రెగ్సన్‌కి షూటింగు మొదలయ్యేనాటికి డ్రైవింగే రాదు! ఆ సినిమా కోసం నేర్చుకున్నాడు. తెరమీద చూస్తే మాత్రం పుట్టడమే కారులో పుట్టాడా అనిపిస్తాడు.

సంగీతం సంగతి ఇంకా చిత్రం. లారీ ఆడ్లర్ అనే అమెరికన్ కళాకారుడు మౌతార్గాన్‌తో చిత్రమంతా నడిపించాడు. ఆ రోజుల్లో అమెరికాలో కమ్యూనిస్టు ముద్ర పడ్డవాళ్ళని వెలివేసేవారు. అందుకని అమెరికాలో ఆడిన ప్రింట్ల నుంచి ఆడ్లర్ పేరే ఎగిరిపోయింది. ఆస్కార్ నామినేషను బృంద నిర్వాహకుడు మ్యూర్ మాథీసన్ పేరుమీద వెళ్ళింది. ఆడ్లర్‌కి న్యాయంగా రావలసిన పేరు దక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక తారలంటారా... ఆంబ్రోస్ పక్కన కూచుని అందరినీ నవ్వించిన కే కెండాల్ 1959లో 32 ఏళ్ళకే కన్నుమూసింది. గ్రెగ్సన్ 1975లో, ఆంబ్రోస్‌గా వేసిన కెనెత్ మోర్ 1982లో, వెండీగా వేసిన డైనా షెరిడన్ 2012లో వెళ్ళిపోయారు. కార్లు మాత్రం మిగిలాయి! జెనెవీవ్ అయితే ఆస్ట్రేలియా దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఇప్పుడవి రెండూ హాలండు దేశంలో ది హేగ్ నగరంలోని లౌమన్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రత్యర్థులిద్దరూ ఒకే కప్పు కింద!

అది పందెం కాదు మొర్రో!

ఆ బ్రైటన్ యాత్ర కల్పన కాదు, నిజం. 1896 ముందు ఇంగ్లండులో మోటారు బండి గంటకి 4 మైళ్ళు మించి పోకూడదు, పైగా బండి ముందు ఒక మనిషి నడవాలి. మన ఎడ్లబండి నయం! ఆ ఏడాది నవంబరు 14న వేగాన్ని 14 మైళ్ళ దాకా పెంచుతూ కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆ సంబరంలో కార్లవాళ్ళంతా లండన్ నుంచి బ్రైటన్‌కి బయల్దేరారు. 1927లో ఆ యాత్రని మళ్ళీ మొదలుపెట్టారు. 1905కి ముందు తయారైన బండ్లకే అందులో చోటు. దూరం సుమారు 60 మైళ్ళు. అది రేసు కాదని నిర్వాహకులు మొత్తుకుంటూనే ఉంటారు. కానీ పక్క కారు దాటిపోతుంటే కాలు ఊరుకుంటుందా?

ఎమ్.జీ. పార్టీ... ట్రయంఫ్ పార్టీ!

జెనెవీవ్ ఫ్రెంచి పిల్ల, స్పైకర్ డచ్చి పిల్లాడు. అసలు సిసలు బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల దగ్గరికొస్తే పోటీ ఇంకా ముదురుతుంది. మన అభిమాన సంఘాలని తలదన్నే వ్యవహారం!

ఒక వైపు ఎమ్.జీ. అంటే 'మోరిస్ గరాజెస్'. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి ఆబింగ్‌డన్‌లో పెరిగింది. యుద్ధం అయిన వెంటనే వచ్చిన 'టీ.సీ.' మోడల్‌కి అమెరికన్ కుర్రకారు మనసు పారేసుకున్నారు. 1970లో వచ్చిన 'లవ్ స్టోరీ'లో హీరో రయన్ ఓనీల్ నడిపేది ఈ బండే. ఆ తరవాత 1955లో ఎమ్.జీ.ఏ., 1962లో ఎమ్.జీ.బీ. చివరిదాన్ని 1980 దాకా ఐదు లక్షలకి పైగా తయారుచేశారు.

రెండో వైపు కోవెంట్రీ నగరపు ట్రయంఫ్. 1953లో వాళ్ళ టీ.ఆర్.2 బెల్జియం రోడ్డుమీద గంటకి 124 మైళ్ళ వేగం అందుకుని అందరి నోళ్ళూ మూయించింది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ చూపులకి కూడా చుక్కే. దాని రూపురేఖలు దిద్దింది ఇటలీ శిల్పి మికెలోటి.

ఈ రెండు పార్టీల మధ్య ఎకసెక్కాలు వినాలి! టీ.ఆర్.2 ఇంజనూ, ఫెర్గూసన్ ట్రాక్టరు ఇంజనూ ఒకే వంశం. అందుకని ఎమ్.జీ. వాళ్ళు 'మీది కారా, ట్రాక్టరా?' అంటారు. 'మీ ఇంజను మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందిటా? సంసారులు తిరిగే సెడాన్ కారు నుంచేగా!' అని వాళ్ళ జవాబు. అదీ నిజమే. ఇక ఈ కార్ల కింద ఎప్పుడూ ఆయిలు చుక్కలే. 'నేలమీద ఆయిలు లేకపోతే కంగారుపడు, ఇంజన్లో కూడా లేదన్నమాట' అని ఇద్దరూ ఒప్పుకునే జోకు. ఎలక్ట్రిక్ సామాను చేసిన లూకస్ కంపెనీకైతే 'చీకటి రాకుమారుడు' అని ముద్దుపేరు! అర్ధరాత్రి లైట్లు ఆరిపోతే పెట్టరా మరి?

ప్రతి పార్టీలోనూ మళ్ళీ రెండు తెగలు. కారుని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి, దుమ్ము తగలకుండా ప్రదర్శనకి తెచ్చేవాళ్ళు ఒక తెగ. వానైనా బురదైనా రోడ్డెక్కించి, గీతలు పడ్డా మీసం మెలేసేవాళ్ళు ఇంకో తెగ. వాళ్ళని చూస్తే వీళ్ళకి నవ్వు, వీళ్ళని చూస్తే వాళ్ళకి బెంగ.

ప్రత్యర్థి ఇంట్లో స్పేర్ పార్టు!

ఇంతవరకూ నవ్వులాటే. అసలు సంగతి ఇప్పుడు వస్తుంది.

1968లో బ్రిటిష్ లేలండ్ అనే పెద్ద సంస్థ ఏర్పడి, ఈ రెండు ప్రత్యర్థుల్నీ ఒకే గూటికి చేర్చింది. పన్నెండేళ్ళు తిరిగేసరికి 1980లో ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీకి తాళం పడింది. మరుసటి ఏడాది ట్రయంఫ్ టీ.ఆర్. వరస కూడా ముగిసింది. కార్లు లక్షల్లో ఉన్నాయి, కన్న ఫ్యాక్టరీ లేదు. ఒక చిన్న గేరు విరిగితే ఎవర్నడగాలి?

ఎవర్నా? నిన్నటిదాకా ఎవర్ని వెక్కిరించారో వాళ్ళనే! ఎందుకంటే ఎమ్.జీ.కైనా ట్రయంఫ్‌కైనా కరెంటు సామాను లూకస్‌దే. మీటర్లు స్మిత్స్‌వే. చాలా మోడళ్ళకి కార్బురేటర్లు ఎస్.యూ. వాళ్ళవే. జంట కార్బురేటర్లని సరిచెయ్యడం ఒక విద్య. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర పెట్టుకుని, రెండింటి 'బుస్' శబ్దం ఒక్కలా వినిపించేదాకా మర తిప్పాలి. తంబూరా శ్రుతి చేసినట్టే! ఆ చెవి ఉన్నవాడు ఏ పార్టీవాడైతేనేం, మనవాడే.

అందుకే ఈ క్లబ్బులు బతికాయి. ఎమ్.జీ. కార్ క్లబ్ 1930 నాటిది. ట్రయంఫ్ టీ.ఆర్. కార్లవాళ్ళు 1970లో 'టీ.ఆర్. రిజిస్టర్' పెట్టుకున్నారు. పాత సామాను వెతకడం, లేనిది కొత్తగా చేయించడం, తెలిసినది రాసి పంచుకోవడం... ఇదే పని. ఈ గిరాకీ ఎంత దూరం పోయిందంటే, 1988లో ఎమ్.జీ.బీ. కారు బాడీలని పాత అచ్చులమీదే మళ్ళీ తయారుచెయ్యడం మొదలైంది!

ఆలోచించండి. ఊళ్ళో ఒక్కడి దగ్గరే పాత కారుంటే, అది చెడిపోయిన రోజున గోనెపట్టా కప్పుకుని మూలపడుతుంది. ఇద్దరి దగ్గరుంటే? పక్కవాడిది రోడ్డుమీద తిరుగుతోంటే ఇతనికి నిద్ర పట్టదు. ఎలాగైనా బాగుచేయిస్తాడు. ఆ పార్టు కోసం చివరికి పక్కవాడి గుమ్మమే ఎక్కుతాడు. 'నీ కారు లేవకపోతే నేనెవర్ని ఓడించాలిరా?' అంటూ వాడూ తీసి ఇస్తాడు. ఈ ఆటలో ప్రత్యర్థి బతికుంటేనే మన ఆట బతుకుతుంది.

మారువేషంలో మన ఊరికి!

ఇక మన బస్టాండు ముడి విప్పుదాం.

ఎమ్.జీ., ట్రయంఫ్ స్పోర్ట్స్ కార్లు మన దేశంలో మామూలు జనానికి అందే సరుకు కాదు. దిగుమతి ఆంక్షల రోజులవి. కానీ వాటి చుట్టాలు మాత్రం దర్జాగా వచ్చేశారు... మారువేషంలో!

ఒకటి అంబాసిడర్! ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారునే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1957 నుంచి కలకత్తా దగ్గర ఉత్తరపారలో ఆ పేరుతో తయారుచేశారు. కొద్దికాలానికే దానికి వచ్చిన 1,489 సి.సి. ఇంజను ఏదనుకున్నారు? ఎమ్.జీ.ఏ. స్పోర్ట్స్ కారుకి మొదట్లో పెట్టిన 'బీ సిరీస్' ఇంజను కుటుంబమే! కొలత కూడా అదే. జంట కార్బురేటర్లతో, పదునుపెట్టిన రూపంలో ఎమ్.జీ.లో రంకెలేసింది. శాంతమూర్తిగా అంబాసిడర్‌లో సంసారం చేసింది. అన్నదమ్ముల్లో ఒకడు సినిమా హీరో అయితే, ఇంకొకడు బడిపంతులైనట్టు!

రెండోది స్టాండర్డ్ హెరాల్డ్. ఇది ట్రయంఫ్ హెరాల్డే. 1961 నుంచి మద్రాసు దగ్గర తయారైంది. దీని చాసిస్‌నే కాస్త పొట్టిచేసి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కట్టారు. ఇంజనూ అదే వరస. రూపశిల్పి ఆ మికెలోటియే. హెరాల్డ్ ముందు భాగమంతా మొసలి నోరులా ఒక్కసారిగా ముందుకి తెరుచుకుంటుంది. స్పిట్‌ఫైర్‌దీ అదే తీరు. మెకానిక్కులకి ఇంతకంటే సుఖం లేదు.

అంటే అర్థమైందా? గద్వాల సంతకో, వనపర్తి పెళ్ళికో, నాగర్‌కర్నూలు ఎన్నికల ప్రచారానికో పదేసి మందిని కుక్కుకుని, టాపుమీద మైకు కట్టుకుని తిరిగిన అంబాసిడర్ గుండెలో ఒక ఎమ్.జీ. చుట్టం కూచుంది! దాని పక్కనించి హారన్ కొట్టుకుంటూ పోయిన హెరాల్డ్ ఒంట్లో ట్రయంఫ్ రక్తం పారుతోంది! ఇంగ్లండులో కత్తులు దూసుకున్న రెండు వంశాలు మన కంకర రోడ్లమీద కూడా పక్కపక్కనే నడిచాయి. మనమే గుర్తుపట్టలేదు.

మద్రాసువాళ్ళు మాత్రం గుర్తుపట్టారు. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నగరానికి ఉత్తరాన షోళవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వేమీద పందేలు పెట్టేది. విదేశీ రేసు కార్లతోపాటు మన అంబాసిడర్లూ, ఫియట్లూ, హెరాల్డులూ కూడా సానబట్టుకుని బరిలోకి దిగేవి. తెలుగు సినిమా అంతా మద్రాసులోనే కాపురం ఉన్న రోజులవి.

తుక్కు కొట్టుకా? పందేనికా?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. హెరాల్డ్ వంశంలో చివరిదైన గజెల్ 1970లలోనే నిలిచిపోయింది. అంటే ఆబింగ్‌డన్ వాళ్ళకి 1980లో వచ్చిన కష్టం మనకీ వచ్చింది. ఇప్పుడిక చింతచెట్టు కింద, గడ్డివాము పక్కన, షెడ్డు వెనక నిలబడిపోయిన ముసలి కారు ఎటు పోవాలి? కిలోల లెక్కన తుక్కు కొట్టుకా? లేక మళ్ళీ రోడ్డుమీదకా?

ఇందుకు ప్రభుత్వం ఒక దారి తెరిచింది. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాహనాన్ని 'వింటేజ్'గా నమోదు చేయించుకోవచ్చు. నంబరు పలకమీద 'వి.ఏ.' అనే అక్షరాలు వస్తాయి. మొదటి నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ళకోసారి తిరిగి చేయించుకుంటే 5,000. కిరాయికి తిప్పకూడదు, రోజూ వాడకూడదు. ప్రదర్శనలకీ, వింటేజ్ ర్యాలీలకీ తీసుకెళ్ళచ్చు. పెట్రోలుకీ మరమ్మతుకీ బయటికి తీయచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: అసలు రూపం చెడకూడదు. సరదాపడి కొత్త బంపర్లూ, రంగురంగుల లైట్లూ, వెడల్పు టైర్లూ తగిలించారో, చిక్కే!

నమోదు కాగితం ఒక్కటే కారుని నడిపించదు. దాన్ని నడిపించేది పక్క ఊరివాడి కారు! అందుకే కుర్రాళ్ళకో సలహా. తాతగారి అంబాసిడర్ గోనెపట్టా ఎత్తేముందు, పక్క ఊళ్ళో ఇంకో ముసలి కారు ఎవరి దగ్గరుందో వాకబు చెయ్యండి. వాడితో స్నేహం చెయ్యండి. ఆ తరవాత మీసం మెలెయ్యండి!

దారి కూడా చెబుతాను, వినండి. పొద్దున్నే నాగర్‌కర్నూలులో బయల్దేరాలి. బిజినేపల్లి మీదుగా వనపర్తి. అక్కడ రాజావారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ ఉంది. బోనెట్లు ఎత్తి చూపించడానికి అంతకన్నా మంచి చోటేది? మార్కులు మెకానికల్ విద్యార్థులే వేస్తారు. ఆపైన పెబ్బేరు దగ్గర బెంగళూరు హైవే ఎక్కి, కృష్ణ వంతెన దాటి, బీచుపల్లి ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టాలి. ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగితే గద్వాల. సోమనాద్రి కట్టించిన కోట దగ్గర ముగింపు. ఒకనాడు కవులు పందెం కాసిన ఊళ్ళలో ఇప్పుడు కార్లు!

నిబంధన ఒక్కటే. ముందొచ్చినవాడికి కాదు బహుమతి. దారిలో ఆగిపోయిన ప్రత్యర్థి కారుని లేవదీసి, వాడితోపాటు కోట గుమ్మం దగ్గరికి వచ్చినవాడికి. ఏమంటారు? గద్వాల పార్టీ ఒప్పుకుంటే వనపర్తి పార్టీ వెనకడుగు వేస్తుందా? వనపర్తి సిద్ధమంటే నాగర్‌కర్నూలు ఊరుకుంటుందా?

చూద్దాం... ముందు ఎవరి కారు స్టార్టవుతుందో!